తెలివి పరీక్షలో మన పిల్లల మాట
(సంఘం వార్షికోత్సవ సభలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో పోడు పట్టాల గురించి, ఉద్యోగాల గురించి, మన డోలు గురించి, మన రేలా ఆట గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. ఈసారి మేం ఇంకో సంగతి మీ ముందుకు తెచ్చాం. పిల్లల తెలివిని కొలిచే పరీక్ష. ఐక్యూ టెస్టు అనే పేరుతో మీలో చాలామంది వినే ఉంటారు.

ఈ పరీక్ష ఇప్పుడు మన గూడేల పిల్లల దాకా వచ్చింది. చదువు అందని పిల్లను బడిలో గుర్తించి భవిత కేంద్రానికో, సదరం క్యాంపుకో, జిల్లా ఆసుపత్రికో పంపుతారు. అక్కడ సైకాలజిస్టు గంటో గంటన్నరో కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు, బొమ్మలు చూపిస్తారు, చెక్క దిమ్మెలు పేర్పిస్తారు. చివరికి ఒక కాగితం వస్తుంది, దాని మీద ఒక అంకె ఉంటుంది. సర్టిఫికెట్ రావడం, రాకపోవడం చాలావరకు ఆ కాగితాన్ని బట్టే. పింఛను, ప్రత్యేక టీచరు సాయం దాని వెంటే వస్తాయి. ‘వీడికి చదువు రాదు’ అనే ముద్ర కూడా దాని వెంటే వస్తుంది. ఒకసారి పడిన ముద్రను చెరపడం కష్టం.

మేం చెప్పదలిచింది ఒక్కటే. ఒక పెద్దమనిషికీ ఒక పిల్లకీ మధ్య, కొన్ని నియమాల ప్రకారం, ఒక భాషలో జరిగిన సంభాషణ నుంచి ఆ అంకె పుడుతుంది. నియమం తప్పినా, భాష అందకపోయినా అంకె కూడా తప్పుతుంది. ఆ నియమాలేమిటో మనకు తెలిస్తే మన పిల్లల పక్కన ధైర్యంగా నిలబడగలం.

ఈ పరీక్ష ఎక్కడ పుట్టింది?

1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ అనే ఇద్దరు మొదటి పరీక్ష తయారుచేశారు. మామూలు పాఠం అందని పిల్లలను గుర్తించి వాళ్లకు ప్రత్యేక సాయం అందించాలన్నది దాని ఉద్దేశం. తెలివి పుట్టుకతోనే బిగిసిపోతుందన్న మాటను బినే ఒప్పుకోలేదు. సాధనతో, మంచి బోధనతో అది పెరుగుతుందని ఆయన నమ్మాడు. 1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించాలన్నాడు. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ దాన్ని 100తో హెచ్చించి ఐక్యూ లెక్కను వాడుకలోకి తెచ్చాడు. 1939లో న్యూయార్క్‌లో డేవిడ్ వెక్స్‌లర్ పెద్దలకు ఇంకో పద్ధతిలో పరీక్ష తెచ్చాడు, 1949లో పిల్లలకు తెచ్చాడు.

మన దేశంలో వి.వి. కామత్ 1930ల్లో బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగ్గట్టు మార్చారు. 1955లో సి.ఎం. భాటియా చేతిపనితో చేసే పరీక్షల కట్ట తెచ్చారు. 1969లో నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ వెక్స్‌లర్ పిల్లల పరీక్షను మన దేశానికి మలిచారు. మిసిక్ అని పిలిచేది దాన్నే. మానసిక ఎదుగుదల లోపాలున్నవారి కోసం 1984లో సికింద్రాబాద్‌లో జాతీయ సంస్థ ఏర్పడింది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు.

ఈ పేర్లన్నీ చెప్పడానికి కారణం ఉంది. ప్రతి పరీక్షకూ ఒక ఊరు, ఒక కాలం ఉన్నాయి. ఆ పరీక్షను మొదట రాసి, పోలికకు కొలతగా నిలిచిన పిల్లలు ఉన్నారు. మన పిల్లను ఆ పిల్లలతోనే పోలుస్తారు.

పరీక్ష గదిలో ఏం జరగాలి?

అసలు ప్రశ్నలు మేం ఇక్కడ చెప్పం, మీరూ ఎక్కడా అడగొద్దు. ప్రశ్నలు ముందే బయటపడితే పరీక్షకు విలువ ఉండదు. అది జరిగే తీరు మాత్రం అందరూ తెలుసుకోవచ్చు.

గది నిశ్శబ్దంగా ఉండాలి. పిల్ల తిని, నిద్రపోయి, జ్వరం లేకుండా రావాలి. చెవి వినబడుతుందో లేదో, కన్ను కనబడుతుందో లేదో ముందే చూపించి ఉండాలి. పరీక్ష చేసేవారు మొదట కాసేపు కబుర్లు చెప్పి బెరుకు పోగొట్టాలి. ఆ తర్వాత సూచనలు పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే చెప్పాలి. సొంత మాటలు కలపకూడదు, సైగ చేయకూడదు. జవాబు ఒప్పయినా తప్పయినా మొహంలో తెలియనివ్వకూడదు. ‘బాగా ప్రయత్నిస్తున్నావు’ అనొచ్చు, ‘కరెక్ట్’ అనకూడదు. పిల్ల చెప్పిన జవాబు చెప్పినట్టే రాసుకోవాలి. కొన్ని పనులకు స్టాప్‌వాచీ పెడతారు. అంకెలు చదివి తిరిగి చెప్పమన్నప్పుడు సెకనుకు ఒక అంకె చొప్పున చదవాలి.

వయసును బట్టి ప్రశ్న మొదలవుతుంది. మొదటివి రాకపోతే ఇంకా సులువైన వాటికి వెనక్కి వెళ్తారు. వరసగా ఇన్ని తప్పితే ఆపేయాలని పుస్తకంలో ఉంటుంది, అక్కడ ఆపేస్తారు. ఈ ఆపే నియమం పిల్లను అలసిపోకుండా కాపాడడానికి పెట్టారు. కానీ భాష అందని పిల్ల మొదట్లోనే నాలుగైదు ప్రశ్నలకు మౌనంగా ఉంటుంది. పరీక్ష అక్కడే ఆగిపోతుంది. ఆ పిల్లకు తెలిసిన సంగతి దాకా ప్రశ్న రానే రాదు.

మార్కులు ఎలా వేస్తారు?

మాటలతో చెప్పే జవాబులకు చాలాచోట్ల 2, 1, 0 అని మార్కులుంటాయి. రెండు వస్తువుల పోలిక అడిగారనుకోండి. రెండూ ఏ జాతికి చెందినవో చెబితే 2 మార్కులు. దేనితో చేస్తారో, దేనికి వాడతారో చెబితే 1, కొన్నిసార్లు 0. అలా వచ్చిన మొత్తాన్ని ముడి మార్కు అంటారు. ముడి మార్కుకు సొంతంగా అర్థం లేదు. అదే వయసు పిల్లలకు ఎంత వస్తుందో చూపే పట్టికలో దాన్ని వెతకాలి. వెక్స్‌లర్ పద్ధతిలో ప్రతి భాగానికీ సగటు 10 ఉండేలా మారుస్తారు. అన్నీ కలిపి సగటు 100 ఉండేలా ఐక్యూ లెక్క కడతారు. 100 మంది పిల్లల్లో సుమారు 68 మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. సుమారు 95 మంది 70కీ 130కీ మధ్య ఉంటారు. 70 కంటే తక్కువ వచ్చేవాళ్లు సుమారు ఇద్దరు.

ఇక్కడ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. మొదటిది, ఏ కొలతకైనా కొంత తేడా ఉంటుంది. 71 వచ్చిందంటే నిజం 66 కావచ్చు, 76 కావచ్చు. అందుకే మంచి రిపోర్టులో ఒక్క అంకె కాకుండా ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని ఉంటుంది. రెండోది, మొత్తం అంకె లోపలి తేడాను దాచేస్తుంది. తెలుగు మాటలతో చేసే భాగాల్లో 3, 4 వచ్చి, దిమ్మెలు పేర్చడంలో, బొమ్మలు కలపడంలో 9, 10 వచ్చిన పిల్ల ఉందనుకోండి. ఆ పిల్ల మొత్తం ఐక్యూ తక్కువే చూపిస్తుంది. కానీ ఆ కాగితం అసలు చెబుతున్నది ఆ పిల్లకు తెలుగు అందలేదేమో చూడమని.

మన పిల్లలు ఎక్కడ నష్టపోతారు?

మొదటిది వయసు. బడి రికార్డులో పుట్టినరోజు జూన్ నెలలో ఉన్నవాళ్లు చేతులెత్తండి అంటే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో మనందరికీ తెలుసు. చేర్చుకున్న రోజు పొడుగు చూసి రాసిన తారీఖులవి. పాత బినే లెక్కతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. 8 ఏళ్ల పిల్ల 8 ఏళ్ల పిల్ల చేసే పనులన్నీ చేసింది. అసలు వయసు 8 అయితే ఐక్యూ 100. రికార్డులో 10 అని ఉంటే అదే పిల్లకు 80. పిల్లలో ఏ మార్పూ లేదు, 20 పాయింట్లు పోయాయి. ఇప్పటి పట్టికలతో లెక్క మారుతుంది కానీ నష్టం మారదు.

రెండోది భాష. గోండిలో, మన కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మాట ఒకటే, అర్థం పక్కకు జరిగింది. అలాంటి చోట పిల్ల తన భాషలో సరిగ్గా ఆలోచించి తెలుగులో తప్పు జవాబు చెబుతుంది. అంకెల జ్ఞాపకం కూడా భాషను బట్టి మారుతుంది. 1980లో బ్రిటన్‌లో ఎల్లిస్, హెన్నెల్లీ అనే పరిశోధకులు వెల్ష్, ఇంగ్లిష్ రెండూ వచ్చినవాళ్లను చూశారు. వెల్ష్‌లో అంకెల పేర్లు పలకడానికి ఎక్కువ సేపు పడుతుంది. అందువల్ల వాళ్లకు వెల్ష్ అంకెలు తక్కువ గుర్తున్నాయి. జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు.

మూడోది బతుకు. పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో క్పెల్లె అనే రైతుల దగ్గర మైకేల్ కోల్, జోసెఫ్ గ్లిక్ మొదలైనవారు పనిచేశారు. కొన్ని వస్తువులిచ్చి ఒకచోట ఉండాల్సినవి కలిపి పెట్టమన్నారు. వాళ్లు కత్తిని పండుతో, తవ్వే పనిముట్టును దుంపతో కలిపారు. తెలివైనవాడు ఇలాగే చేస్తాడని చెప్పారు. మరి తెలివితక్కువవాడు ఎలా చేస్తాడు అని అడిగారు. అప్పుడు తిండి తిండితో, పనిముట్లు పనిముట్లతో విడివిడిగా పేర్చి చూపించారు. పరీక్షలో 2 మార్కులు వచ్చే జవాబు అదే. వాళ్లకు అది చేతనవును, కానీ వాళ్ల దృష్టిలో అది తెలివైన పని కాదు. మన పిల్లను విప్పపువ్వుకూ చింతపండుకూ పోలికేమిటని అడగండి. ‘రెండూ సంతలో అమ్ముతాం’ అంటుంది. మన ఇంట్లో అది పనికొచ్చే జవాబు, పట్టికలో తక్కువ మార్కు.

నాలుగోది వేగం. తెలియని పెద్దమనిషి ఎదురుగా కూర్చుని గబగబా అడిగితే మన పిల్ల తలవంచుకుంటుంది. పెద్దల ముందు తొందరపడి మాట్లాడకూడదని మనమే నేర్పాం. స్టాప్‌వాచీకి ఆ మర్యాద తెలియదు.

మాటలు అవసరం లేని పరీక్షలు కూడా ఉన్నాయి కదా అని అడగొచ్చు. ఉన్నాయి. భాటియా పరీక్షలు ఉన్నాయి, 1938లో జె.సి. రేవెన్ తెచ్చిన బొమ్మల వరసల పరీక్ష ఉంది. భాష రాని పిల్లకు ఇవి తప్పకుండా మేలు. కానీ ఇవి కూడా మొత్తం కష్టం తీర్చవు. కాగితం మీద గీసిన బొమ్మను చదవడం, విడి ముక్కలతో ఆకారం కట్టడం బడిలో అలవాటయ్యే పనులు. అంగన్‌వాడీలో బొమ్మల పుస్తకం చూసిన పిల్లకూ చూడని పిల్లకూ ఇక్కడా తేడా ఉంటుంది.

ఇంకో చోట ఏం జరిగింది?

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే మెక్సికన్ కుటుంబాల పిల్లలకు ఇంగ్లిష్‌లో పరీక్ష పెట్టారు. మార్కులు తక్కువ వచ్చాయని మందబుద్ధి పిల్లల తరగతిలో వేశారు. తొమ్మిది మంది పిల్లల తరఫున కోర్టుకెళ్లారు. వాళ్లకు స్పానిష్‌లో మళ్లీ పరీక్ష పెడితే ఎక్కువమంది ఆ గీత దాటేశారు. 1970లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఇంటి భాష వేరైన పిల్లలను ఆ భాషలో కూడా పరీక్షించాలి. దాన్ని డయానా కేసు అంటారు. ఆ పిల్లలకూ మన పిల్లలకూ భాష తప్ప తేడా లేదు.

మన దగ్గర కూడా దీనికి ఆధారం ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో ప్రాథమిక చదువు మొదలైంది. చదువులో మొదటి మెట్టు అమ్మ మాటలో ఉండాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. చదువుకు వర్తించిన న్యాయం చదువు ఎందుకు రాలేదో తేల్చే పరీక్షకు కూడా వర్తించాలి.

చట్టం ఏం చెబుతోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యాన్ని రెండు కాళ్ల మీద నిలబెట్టింది. ఆలోచన, నేర్చుకోవడం, సమస్య తేల్చుకోవడంలో పెద్ద పరిమితి ఉండాలి. దానితోపాటు రోజువారీ పనుల్లో, నలుగురితో మెలగడంలో కూడా పెద్ద పరిమితి ఉండాలి. ఐక్యూ అంకె ఒక కాలు మాత్రమే.

రెండో కాలును చూడడానికి వైన్‌లాండ్ అనే కొలత వాడతారు. 1935లో ఎడ్గర్ డాల్ దాన్ని తెచ్చాడు, మాలిన్ మన దేశానికి మార్చారు. అందులో పిల్లను అడగరు, తల్లినో తండ్రినో అడుగుతారు. తనంతట తాను తింటుందా, బట్టలు వేసుకుంటుందా, ఎంత దూరం ఒంటరిగా వెళ్తుంది, ఏ పని చేస్తుంది అని. మేకలు తోలుకెళ్లి లెక్క తప్పకుండా తెచ్చే పిల్ల, తమ్ముణ్ణి చంకనెత్తుకుని వంట చూసుకునే పిల్ల, సంతలో చిల్లర సరిచూసుకునే పిల్ల ఈ కొలతలో బాగా నిలబడాలి. కానీ తల్లికి ప్రశ్న అర్థం కాకపోతే ‘ఏమో సారూ’ అంటుంది. అక్కడ కూడా మార్కు పోతుంది.

మా కమిటీ వాళ్లం తోడు వెళ్లిన రెండు సందర్భాలు చెబుతాం. హాస్టల్లో మూడో తరగతి చదివే ఒక పాప తెలుగులో అడిగిన ప్రతిదానికీ ‘తెలవదు’ అంది. తర్వాత ఇంకో చోట సైకాలజిస్టు వేరే పరీక్ష ఎంచుకుని, డిగ్రీ చదివే మన అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి కోయలో అడిగించారు. పాప మాట్లాడింది. తేలిందేమిటంటే ఆ పాపకు కావాల్సింది తెలుగు నేర్పే టీచరు. రెండో సందర్భంలో ఒక బాబును అమ్మానాన్నలు ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచారు. దేవుడు ఇచ్చిందింతే అన్నారు. ఇంటి భాషలో, పద్ధతిగా పరీక్ష చేస్తే నిజంగానే ఇబ్బంది ఉందని తేలింది. సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు భవిత కేంద్రానికి వెళ్తున్నాడు, చొక్కా గుండీలు తానే పెట్టుకుంటున్నాడు. పరీక్ష వద్దు అని మేం అనకపోవడానికి కారణం ఆ బాబే. సరిగ్గా చేసిన పరీక్ష మన పిల్లలకు అవసరం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు చేయగల పనులు ఇవి.

ఒకటి. మీ గూడెంలో పరీక్షకు వెళ్లే పిల్ల ఉంటే అసలు వయసు కనుక్కోండి. టీకాల కార్డు, అంగన్‌వాడీ రిజిస్టరు చూడండి. ఏవీ లేకపోతే ఏ పండుగకు, ఏ వరదల ఏడాది పుట్టిందో అమ్మమ్మను అడిగి రాయండి. ఆ కాగితం సైకాలజిస్టుకు ఇవ్వండి.

రెండు. ముందు కన్ను, చెవి, రక్తం చూపించండి. రక్తహీనత ఉన్న పిల్ల, మలేరియా నుంచి లేచిన పిల్ల పరీక్షలో నిలవదు.

మూడు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో మర్యాదగా చెప్పి, ఆ భాషలో అడిగే ఏర్పాటు ఉందా అని అడగండి. ‘మేడమ్, పాపకు కోయ మాత్రమే బాగా వచ్చు’ అని ఒక్క మాట చెబితే చాలామంది వింటారు.

నాలుగు. దుబాసీగా కూర్చోమంటే నియమం తప్పొద్దు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పండి. సాయం చేయాలన్న ప్రేమతో ఒక్క సూచన కలిపినా పిల్లకు అన్యాయమే. పిల్ల జవాబు తప్పయినా అలాగే చేరవేయండి. సొంత బంధువు దుబాసీగా ఉండకపోవడం మంచిది. దుబాసీ ఉన్నారని రిపోర్టులో రాయించండి, ఎందుకంటే అలా చేసిన పరీక్ష అంకెను పట్టికతో పోల్చేటప్పుడు జాగ్రత్త కావాలి.

ఐదు. రిపోర్టు చేతికొస్తే నాలుగు సంగతులు వెతకండి. ఏ పరీక్ష, ఏ భాషలో, ఏ వయసు లెక్కన చేశారు, రోజువారీ పనుల కొలత చేశారా లేదా. సందేహం ఉంటే మళ్లీ పరీక్ష అడగొచ్చు. అదే పరీక్షను కొద్ది నెలల్లో మళ్లీ పెడితే అలవాటు వల్ల మార్కు పెరుగుతుంది, కాబట్టి వేరే పరీక్ష అడగండి.

ఆరు. మీలో కొందరు సైకాలజీ చదవండి. క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. మన భాష పుట్టుకతో వచ్చిన సైకాలజిస్టు గదిలో ఉంటే దుబాసీ అక్కర్లేదు. మన పిల్లలతోనే, మన భాషలోనే పోలిక పట్టికలు తయారుచేసే పని కూడా అలాంటివాళ్లే చేయగలరు. డీఎస్సీకి, గ్రూప్స్‌కి చదివే మన పిల్లల్లో పది మంది ఇటు వచ్చినా చాలు.

పెద్దలకు కూడా ఒక మనవి. బడి నుంచి కబురొస్తే పిల్లను దాచొద్దు. పేరు పోతుందని భయపడొద్దు. మీ పిల్ల ఇంట్లో ఏం చేయగలదో, ఏది చేయలేకపోతోందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది మీకంటే బాగా ఎవరికీ తెలియదు.

వచ్చే కొత్తల పండుగ లోపు ప్రతి గూడెం నుంచి ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు విద్యా కమిటీకి పేర్లివ్వాలని కోరుతున్నాం. దుబాసీగా ఎలా కూర్చోవాలి, రిపోర్టు ఎలా చదవాలి అన్నది నేర్పడానికి ఒక రోజు శిక్షణ పెడతాం. భోజనం సంఘమే చూసుకుంటుంది. రండి, మన పిల్లల మాటను ఆ గది లోపలికి మనమే తీసుకెళ్దాం.

 జై ఆదివాసీ.